నీడకు మైల ఉందా?

 

ఈసారి పంచశీల మీద రాయమని మన కమిటీవాళ్లు అడిగారు. రాద్దామని కూర్చున్నాను గానీ గ్రహణం రాత్రి మా చిన్నమ్మ అన్న మాట ఒకటి అడ్డం పడుతూనే ఉంది. అందుకని ముందు అదే రాసేస్తున్నాను. పంచశీల ఎక్కడికీ పోదు.

2025 సెప్టెంబర్ 7, ఆదివారం. భాద్రపద పౌర్ణమి. పౌర్ణమి కాబట్టి మా కాలనీలో సాయంత్రం అందరం కూడి బుద్ధ వందన చేసుకున్నాం. గ్రహణం కాబట్టి అదే సాయంత్రం ఊళ్లో సగం ఇళ్లు తలుపులు బిడాయించుకున్నాయి. కొండమీద గుడి తలుపులు మధ్యాహ్నం మూడున్నరకే మూశారు. మళ్లీ తెరిచింది తెల్లవారుజాము మూడింటికి. మా వీధి మొగదల రోజూ ఉండే టిఫిన్ బండి ఆ రాత్రి పెట్టలేదు. అదే రోజు ఇక్కడికి గంట ప్రయాణం లేని శ్రీకాళహస్తిలో మాత్రం గుడి తెరిచే ఉంది. అక్కడ గ్రహణమప్పుడు గుడి మూయరు, పైగా ప్రత్యేక అభిషేకాలు చేస్తారు. రాహుకేతువుల క్షేత్రం కాబట్టి దోషం అంటదని చెబుతారు. ఒకే జిల్లాలో, ఒకే చంద్రుడి కింద, ఒక గుడికి మైల, ఇంకో గుడికి పూజ. దీని గురించి ఎవరినీ ఎగతాళి చెయ్యాలని చెప్పడం లేదు. ఎగతాళి చేసి నేనెంత నష్టపోయానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

మాది అలిపిరికి పోయే దారిలో కాలనీ. అలిపిరి అంటే కొండకు నడిచే మెట్లు మొదలయ్యే చోటు, 3,550 మెట్లు. అక్కడ పాదాల మండపంలో భక్తులు స్వామివారి తోలు పాదరక్షలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. తోలు ఏ కులం చేతుల్లో చెప్పవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. చెప్పు నెత్తికెక్కింది. చెప్పులు కుట్టే మనిషి గుడి లోపలికి పోవడానికి మాత్రం 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం రావలసి వచ్చింది. తిరుపతి అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది కదా.

ఆ రాత్రి మా మేడమీద పదిహేను మందిమి చేరాం. అందరికన్నా ఉషారు డిగ్రీ చదివే పిల్లలది. ఒకడు ఎక్కడో అడిగి కెమెరా, మూడు కాళ్ల స్టాండు తెచ్చాడు. బొరుగులు, మిక్చరు, ఒక ఫ్లాస్కు టీ. గ్రహణం పట్టినాక తినాలని పిల్లల పంతం. 9 గంటల 57 నిమిషాలకు అంచు నల్లబడటం మొదలైంది. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. ఒక మబ్బు వచ్చి కూర్చుంటే పదిహేను మందీ దాన్ని తిట్టడం. పదకొండు గంటలయ్యేసరికి చంద్రుడు మొత్తం నీడలోకి పోయాడు, 82 నిమిషాలు అందులోనే ఉన్నాడు. రంగు చూస్తే పాత రాగి చెంబు. నీడలో ఉన్నవాడు పూర్తిగా కనబడకుండా పోవాలి కదా, ఎరుపెందుకు? భూమి చుట్టూ ఉన్న గాలి పొర సూర్యుడి వెలుతురును కాస్త వంచి నీడలోకి పంపిస్తుంది. నీలం దారిలోనే చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. ఆ ఘడియలో భూమ్మీద ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తోందో, ఎక్కడెక్కడ పొద్దు కుంకుతోందో, ఆ వెలుతురంతా కలిసి చంద్రుడి మీద పడుతుందన్న మాట.

ఫోటోల సంగతి. నా ఫోనులో మొదట వచ్చినవన్నీ తెల్ల బొట్లే. పౌర్ణమి చంద్రుడు మనం అనుకునేదానికంటే చాలా వెలుగు. ఫోను చుట్టూ ఉన్న చీకటిని చూసి మోసపోయి ఇంకా వెలుగు పెంచేస్తుంది. చంద్రుడి మీద వేలు పెట్టి వెలుగు తగ్గించాలని పిల్లలు నేర్పారు. సంపూర్ణ గ్రహణంలో అంతా తలకిందులు. వెలుగు చాలదు, కెమెరా కన్ను ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉంచాలి, ఆ సెకన్లలో ఎవరూ మేడమీద అడుగు కదపకూడదు. రెండు నిమిషాల్లో చంద్రుడు తన వెడల్పంత పక్కకు జరిగిపోతాడు. అంటే స్టాండును జరుపుతూనే ఉండాలి. కాస్త దూరంలో శనిగ్రహం కూడా కనిపించింది. ‘ఈ రోజు ఇద్దరూ ఉన్నారన్నా, మనకు డబుల్ దోషం’ అని ఒకడు నవ్వాడు.

ఈ నవ్వులన్నీ మేడమీద. కింద ఇంట్లో జరిగింది వేరు.

మా చిన్నమ్మ, మా తమ్ముడు, వాడి భార్య కింది వాటాలో ఉంటారు. ఈ తమ్ముడు చిన్నమ్మ కొడుకు. మరదలికి అప్పుడు ఏడో నెల. చిన్నమ్మ మాతోపాటే దీక్ష తీసుకుంది. 22 ప్రతిజ్ఞలు చదువు రాకపోయినా కంఠతా చెప్పగలదు. అలాంటి మనిషి ఆ సాయంత్రం వందన అయీ కాకముందే ఇంటికి పోయింది. కిటికీలకు దుప్పట్లు కట్టింది. కోడలిని లోపలి గదిలో పడుకోబెట్టింది. కత్తిపీట, కత్తెర, సూది దారం కూడా అటకమీదికి ఎక్కించింది. ఊరగాయ జాడీ మీద గరిక. నడి ఇంట్లో ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. రోకలి నిలబడి ఉన్నంతసేపు గ్రహణం ఉన్నట్టు, పడిపోతే విడిచినట్టు.

నేను స్టాండు కోసం కిందికి వచ్చి అది చూశాను. నా వెనకే ఇద్దరు పిల్లలు. వాళ్ల ముందు నాకు ఏం పుట్టిందో, రోకలిని కాలితో తాకి, ‘ఏంది చిన్నమ్మా, 22 ప్రతిజ్ఞలు చెప్పిన నోటితోనే రాహువుకు దండం పెడతావా’ అని గట్టిగా నవ్వాను. అంతటితో ఆగలేదు. లోపలికి పోయి మరదలితో, ‘రా పాపా మేడమీదికి, చూస్తే ఏమీ కాదు’ అని పిలిచాను. ఆ పిల్ల లేచి కూర్చుంది. నా మొహం చూసింది, అత్త మొహం చూసింది. ‘వద్దులే బావా’ అనింది.

చిన్నమ్మ నన్ను తిట్టలేదు. రోకలిని సరిచేసి నిలబెట్టి, నెమ్మదిగా అనింది: ‘నీకేమి నాయనా, మొగోడివి. రేపు బిడ్డకేదన్నా అయితే నిన్నెవురూ అడగరు. నన్నూ అడగరు. దాన్నడుగుతారు.’

నాకు అప్పుడు తమ్ముడి పై పెదవి మీద ఉన్న గీత గుర్తొచ్చింది.

మా తమ్ముడు చీలిన పెదవితో పుట్టాడు. మన భాషలో దానికి పేరే గ్రహణం మొర్రి. చూడండి మిత్రులారా, జబ్బు పేరులోనే నేరం మోపేశారు. ఇంగ్లీషు డాక్టరు చీలిక అని ఊరుకుంటాడు. మనం పేరు పలికామంటేనే తల్లి గ్రహణంలో ఏదో చేసిందని తీర్పు చెప్పినట్టు. వాడికి కుట్లు వేయించింది మూడేళ్లప్పుడు. అప్పటిదాకా చిన్నమ్మ వాడి మూతి మీద కొంగు కప్పే బయటికి తెచ్చేది. చిన్నమ్మ అత్త బతికి ఉన్నన్నాళ్లూ ఒకటే మాట, ‘గ్రహణం రాత్రి దోసకాయ కోసింది మహాతల్లి’ అని. నిజమే, కోసింది. నిండు మనిషి, రాత్రిపూట ఆకలేసింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, ఒక దోసకాయ కోసుకుని తినింది. అంతే ఆమె చేసిన పాపం.

నేను పదేళ్లుగా మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు ఇస్తున్నాను. మా సొంత చిన్నమ్మ ఇన్నేళ్లుగా ఈ బరువు మోస్తోందని నాకు తెలుసు. తెలిసీ ఒక్కసారి కూడా ఆమె పక్కన కూర్చుని లెక్క చెప్పలేదు. ఉపన్యాసానికి పదిమంది కావాలి కదా మనకు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మీలోనూ చాలామందికి వచ్చే ఉంటుంది. తప్పుడు నమ్మకం అని తెలిసినప్పుడు దాన్ని ఖండించడం ధర్మం. ఎదుటి మనిషి భయపడుతున్నప్పుడు కరుణ చూపడం ధర్మం. రెండూ ఒకే గదిలో ఒకేసారి ఎదురైతే ఏది ముందు? ‘ఆమెను నొప్పించకూడదు, ఆమె నమ్మకం ఆమెది’ అని ఊరుకుంటే, రేపు ఆ నమ్మకమే కోడలి మెడకు చుట్టుకుంటుంది. ‘నిజం నిజమే’ అని రోకలిని తన్నితే నాలాగా అవుతుంది.

కాలామ సుత్తం మీ అందరికీ తెలుసు, మళ్లీ చెప్పను. చందిమ సుత్తం గురించి మాత్రం మన సభల్లో ఎవరూ మాట్లాడరు. సంయుత్త నికాయంలో ఉంది. రాహువు చంద్రుణ్ణి పట్టుకుంటాడు. చంద్రుడు భయపడి బుద్ధుణ్ణి తలచుకుని శరణు వేడతాడు. చంద్రుణ్ణి విడిచిపెట్టమని బుద్ధుడు రాహువుకు చెబుతాడు. రాహువు వదిలేసి వణుకుతూ పారిపోతాడు. ‘చూశారా, మీ పుస్తకంలోనూ రాహువున్నాడు’ అని నన్నొక మిత్రుడు ఒకసారి నిలదీశాడు. ఉన్నాడు. దాచిపెట్టి లాభం లేదు. బుద్ధుడు హేతువుకు నిలవని మాట చెప్పడు, హేతువుకు నిలిచినదాన్నే బుద్ధవచనంగా తీసుకోవచ్చు అని బాబాసాహెబ్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో మనకు ఒక గీటురాయి ఇచ్చారు. దాని మీద గీస్తే ఆ సుత్తంలో రాహువు నిలవడు. కానీ ఆ రాత్రి నాకు అందులో ఇంకో సంగతి కనిపించింది. భయపడి వచ్చినవాణ్ణి బుద్ధుడు ‘ఎందుకు భయపడ్డావు, పిచ్చివాడా’ అనలేదు. ముందు వాణ్ణి విడిపించాడు.

దీఘ నికాయంలో మొదటిది బ్రహ్మజాల సుత్తం. అందులో భిక్ఖువు చేయకూడని బతుకుతెరువుల పట్టీ ఉంది. చంద్రగ్రహణం పడుతుంది, సూర్యగ్రహణం పడుతుంది, దాని ఫలితం ఇది అని జోస్యం చెప్పుకుని బతకడం ఆ పట్టీలో ఉంది. రెండున్నర వేల ఏళ్ల కిందటి మాట. గ్రహణం ఎప్పుడు వస్తుందో తెలిసిన మనిషికి తెలియనివాడి మీద ఎంత పట్టు ఉంటుందో ఆలోచించండి. 1504 ఫిబ్రవరి 29న జమైకాలో కొలంబస్ చేసింది అదే. తిండి పెట్టడం మానేసిన అక్కడి జనానికి, మా దేవుడు చంద్రుణ్ణి మాయం చేస్తాడు అని చెప్పాడు. పంచాంగం చూసి చెప్పాడు. జనం హడలిపోయి తిండి తెచ్చిపెట్టారు. కొలంబస్ చేతిలో ఉన్నది మూఢనమ్మకం కాదు, సరైన లెక్క. అయినా అది చేసిన పని మాత్రం దోపిడీ.

మన దేశంలో కథ ఇంకో రకం. ఆర్యభటుడు 499లోనే రాశాడు, చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అని. 628లో బ్రహ్మగుప్తుడు వచ్చాడు. ఆయనకూ ఆ లెక్క తెలుసు, నీడ కొలతలతోనే గ్రహణాలు గణించాడు. కానీ రాహువు లేడు అనడం వేదానికీ స్మృతికీ విరుద్ధం అని ఆర్యభటుడి మీద విరుచుకుపడ్డాడు. నాలుగు వందల ఏళ్ల తరువాత అల్ బెరూనీ అది చదివి, ఇంత తెలిసినవాడు ఇలా ఎందుకన్నాడు అని ఆశ్చర్యపోయాడు. నాకు ఆశ్చర్యం లేదు. లెక్క ఒకటి వేసుకుని జనానికి ఇంకోటి చెప్పే పెద్దమనుషులను మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

ఇక నీడ సంగతి. పీష్వాల పాలనలో ఎదురుగా సవర్ణుడు వస్తూంటే అంటరానివాడు వీధిలో నడవకూడదు, వాడి నీడ పడితే మైల అని బాబాసాహెబ్ 1936లో ‘కుల నిర్మూలన’లో రాశారు. అదే మహారాష్ట్రలో గ్రహణం పట్టిన పూట మాంగులు, మహర్లు వీధుల్లో దానం అడుగుతూ తిరిగేవాళ్లు. చంద్రుణ్ణి మింగేవాడు వాళ్ల కులంవాడేనని, వాళ్లకు పాత గుడ్డలో గింజలో పడేస్తే చంద్రుణ్ణి వదిలేస్తాడని నమ్మకం. అంటే భూమ్మీద మైల నీడ మనదే, ఆకాశంలో మైల నీడ కూడా మన చుట్టమే! మేడమీద నిలబడి ఆ రాగి చంద్రుణ్ణి చూస్తున్నప్పుడు నాకు ఇదే తిరిగింది తలలో. ఆ పడిన నీడ ఎవరిది? భూమిది. అంటే కొండమీద అర్చకుడిదీ, మెట్లు ఊడ్చే మనిషిదీ, లోపలి గదిలో పడుకున్న మా మరదలిదీ. ఎవరి వాటా ఎంత అని వేరుచేయడానికి ఏ శాస్త్రమూ లేదు. వెలుతురు అందని చోటును నీడ అంటాం. దానికి అంటుకునే గుణం ఎక్కడినుంచి వస్తుంది?

ఈ ఆలోచన వచ్చి నేను మేడ దిగాను. పదకొండున్నర అయి ఉంటుంది. చిన్నమ్మ రోకలి ముందు కూర్చుని ఉంది. నేనూ కింద కూర్చున్నాను. ‘చిన్నమ్మా, తమ్ముడు పుట్టింది ఏ నెల’ అన్నాను. నవంబర్, 1997. ఆ గ్రహణం ఏ రోజో ఫోనులో చూశాను. 1997 సెప్టెంబర్ 16 రాత్రి, సంపూర్ణ చంద్రగ్రహణం, మనకు కనిపించిందే. వేళ్ల మీద లెక్క పెట్టాం ఇద్దరం. దోసకాయ కోసినప్పటికి ఆమెకు ఎనిమిదో నెల. బిడ్డ పెదవి కూడుకునేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. తల్లికి నెల తప్పిన సంగతి సరిగ్గా తెలిసీ తెలియకముందే ఆ పని అయిపోతుంది. అప్పుడు కూడుకోకపోతే చీలిక మిగులుతుంది. వంశంలో వచ్చే లక్షణాలు, ఫోలేట్ అనే విటమిన్ తక్కువ కావడం, తల్లికి షుగర్ ఉండటం, మూర్ఛకు వాడే కొన్ని మందులు, పొగ, ఇట్లా కారణాలు చాలా ఉన్నాయి. ఒక్కోసారి ఏ కారణమూ దొరకదు.

‘అంటే మార్చి నెలలోనే వాడి మూతి అట్ల ఉండిందా?’

‘అవును చిన్నమ్మా.’

‘నేను దోసకాయ కోసింది సెప్టెంబర్లో.’

‘ఆరు నెలల తర్వాత.’

ఆమె ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు తన వేళ్లనే చూసుకుంది, మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది. ‘మా అత్త చచ్చిపోయి పదేండ్లయింది’ అనింది. ఇంకేమీ అనలేదు.

ధమ్మ వందనలో మనం రోజూ అనే మాట ఒకటుంది, ఏహిపస్సికో. రా, వచ్చి చూడు అని. నేను ఆ మాటను ఇన్నాళ్లూ ఒక రకం సవాలుగా వాడాను, దమ్ముంటే రా చూద్దాం అన్నట్టు. సాయంత్రం మరదలిని పిలిచింది కూడా ఆ గొంతుతోనే. ఆ పిల్ల బయటికి వచ్చి ఉంటే నా కోసం వచ్చేది, పిల్లల ముందు నా మాట నిలబెట్టడానికి. అది చూడటం అవుతుందా? ప్రజ్ఞ ఒక్కటే ఉంటే చాలదు, కరుణ కూడా ఉండాలి అని బాబాసాహెబ్ పదే పదే ఎందుకు చెప్పారో నాకు నలభై ఆరేళ్లకు, ఒక రోకలి ముందు అర్థమైంది. ఆయన చెప్పింది పుస్తకంలో ఎన్నోసార్లు గీత గీసి పెట్టుకున్నదే.

పన్నెండుంబావు దాటింది. పైన పిల్లలు కేకలు పెట్టారు, అంచున వెలుతురు వస్తోందని. నేను లేచాను, రమ్మని పిలవలేదు. కాసేపటికి మెట్ల దగ్గర అలికిడి. చిన్నమ్మ వచ్చింది, తల మీద కొంగు కప్పుకుని, ఒక్కతే. కోడలు నిద్రపోతోందట. అరవై ఏళ్ల బతుకులో గ్రహణాన్ని చూడటం ఆమెకు అదే మొదలు. చూసి, ‘ఇంతేనా!’ అనింది. తర్వాత, ‘బాగుండాది’ అనింది. పిల్లలిచ్చిన బొరుగులు మాత్రం తినలేదు, చేతిలో పట్టుకుంది.

మరదలికి నవంబర్ చివర ఆడపిల్ల పుట్టింది. పెదవి బాగుంది. దీన్ని నేను సాక్ష్యంగా చెప్పడం లేదు, మీరూ ఎక్కడా అలా చెప్పవద్దు. ‘చూశారా, మేము గ్రహణంలో తిన్నాం, తిరిగాం, మా బిడ్డ బాగుంది’ అని కొందరు మన ఉపన్యాసకులు చెబుతుంటారు. అది అవతలివాళ్ల తర్కమే, తిరగేసి చెప్పడం. సుమారు ఏడు వందల కాన్పుల్లో ఒక బిడ్డ చీలికతో పుడుతుంది. ఆ ఒక్క బిడ్డ రేపు మన ఇంట్లోనే పుట్టవచ్చు. తల్లి ఆ రాత్రి మేడమీద ఉందా, దుప్పటి కట్టిన గదిలో ఉందా అన్నదానితో దానికి సంబంధం లేదు. పుడితే చేయాల్సింది మొదటి సంవత్సరంలోనే డాక్టరుకు చూపించి కుట్లు వేయించడం. ఆ ఆపరేషన్లు ఉచితంగా చేసేచోట్లు కూడా ఉన్నాయి. బిడ్డ బాగా పుట్టింది కాబట్టి మాట గెలిచింది అనుకుంటే, బాగా పుట్టని రోజు ఏమంటాం?

రోకలి కథ కూడా చెప్పాలి. మరుసటి మంగళవారం, ఏ గ్రహణమూ లేని పొద్దు, మా పిల్లలు అదే పళ్లెంలో అదే రోకలిని నిలబెట్టారు. నిలబడింది. అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. చిన్నమ్మ అది చూస్తూనే బియ్యం ఏరుకుంటోంది, నవ్వింది కూడా. కానీ ‘మళ్లీ గ్రహణం వస్తే పెడతావా’ అని వాళ్లు అడిగితే, ‘సూద్దాంలే’ అనింది.

మొన్న ఆదివారం నేను మందిరం నుంచి వచ్చేసరికి మా వాకిట్లో చిన్నమ్మ, పక్కన పై వీధి ఆవిడ. ఆవిడ కొడుక్కి ఆరేళ్లు, మూతి మీద కుట్ల గుర్తు. ఆమె మనలో కలిసిన మనిషి కాదు, శనివారాలు అలిపిరి మెట్లకు పసుపు కుంకుమ పెట్టి వచ్చే ఆవిడ. నన్ను చూసి తల దించుకుంది. చిన్నమ్మ ఆవిడ మోచేయి పట్టుకుని ముందుకు జరిపింది.

‘చెప్పమ్మీ, పిల్లోడు పుట్టిన నెల చెప్పు’ అని, నా వైపు తిరిగింది. ‘దీనిది కూడా లెక్కెయ్ నాయనా.’